శాస్త్రవాఙ్మయశోధనము - జీవావరణపరిణామము

ప్రకృతియందలి మార్పు లనేకములు మనుష్యుని యాయుఃప్రమాణమునకు లొంగునవి కావు. ఒక చెఱువునందలి మత్స్యజాతులు తగ్గుట, ఒక పచ్చికబయలు ముండ్లపొదలతో నిండుట, ఒక పక్షి గూడు కట్టు కాలము కొన్నిదినములు ముందునకు జరుగుట మున్నగునవి యేఁటేఁట స్వల్పముగా జరిగి, తరము గడచిన పిమ్మటఁగాని స్పష్టముగా గోచరింపవు. అంతలోఁ జూచినవారు గతింతురు. పిమ్మటివారు తమ బాల్యమునఁ గన్న స్థితినే సహజస్థితి యని తలంతురు. మత్స్యశాస్త్రజ్ఞుఁడగు డేనియల్ పాలీ 1995 లో నీ విస్మృతిని వివరించి, ఒక్కొక్క తరమువారును దాము వృత్తిలోఁ బ్రవేశించిననాఁటి మత్స్యసమృద్ధినే కొలమానముగాఁ గైకొనుటచేఁ, దరతరమునకును గొలమానమే క్రిందికి జాఱుచున్నదని చూపెను. ఈ విస్మృతికి మందు వ్రాఁత. పూర్వులు చూచి వ్రాసి యుంచినదానిఁ జదివినఁగాని నేఁటి లోపము లోపముగాఁ దోఁపదు.

ఒక ప్రదేశమందలి వృక్షములు, జంతువులు, సూక్ష్మజీవులు, నేల, నీరు, గాలి, ఇవి యన్నియుఁ బరస్పరాశ్రయములై వర్తించు సముదాయమునకు జీవావరణవ్యవస్థ యని పేరు. ఇట్టి వ్యవస్థ మాఱినదనుటకు వలయు సాక్ష్య మొక్క గ్రంథమున దొరకునది కాదు. ఒకరు సీతాకోకచిలుకలను గూర్చియు, ఒకరు సముద్రపు నాఁచును గూర్చియు, మఱియొకరు కొండకొమ్మునఁ బెరుగు మొక్కలను గూర్చియు వేర్వేఱు దేశములలో వేర్వేఱు పత్రికలయందు వ్రాసినవాని నొక్కచోటఁ జేర్చినఁగాని నిర్ణయము పొసఁగదు. 2003 లోఁ గమీల్ పార్మెసాన్, గేరీ యోహి యను నిరువు రిట్టి చేర్పునే చేసిరి. 1,700 కు మించిన జీవజాతులను గూర్చిన పరిశోధనములను వారు సమన్వయించి, జీవుల నివాససీమలు సగటున దశాబ్దమునకు 6.1 కిలోమీటర్ల చొప్పున ధ్రువములవైపు జరుగుచున్నవనియు, వసంతకాలమున జరుగు పూఁత మున్నగు కార్యములు దశాబ్దమునకు 2.3 దినముల చొప్పున ముందునకు వచ్చుచున్నవనియు నిర్ణయించిరి. అది మనుష్యులు చదివి చేసిన పని. అటుపిమ్మట వ్యాసముల సంఖ్య విపరీతముగాఁ బెరిగినది. ఒక పండితసంఘ మంతయుఁ గూర్చుండి జీవితకాలము చదివినను ముగియనంతటి రాశి యేర్పడినది. అందుచేఁ జదువుభారమును గొంత యంత్రమున కప్పగింపవలసి వచ్చెను.

యంత్రము చదువు విధము

ఈ పద్ధతికి నాంగ్లమునఁ గల పేరు టెక్స్ట్ మైనింగ్. గనినుండి మన్ను త్రవ్వి లోహమును వేఱుపఱచునట్లు, వాక్యరాశినుండి వలయు విషయమును వేఱుపఱచుట యని దాని భావము. యంత్ర మనఁగా నిచటఁ గంప్యూటరు. మనుష్యుఁడు భావము గ్రహించి చదువును. కంప్యూటరు లెక్క పెట్టి చదువును. ఈ భేదమును మఱవకున్నచోఁ దక్కిన విషయము సుబోధము.

దీని మొదటిమెట్టు పండితుల కపరిచితము కాదు. ఒక కావ్యమునఁ బ్రతిపదము నే పద్యమునఁ బ్రయుక్తమైనదో చూపు పదసూచిక వంటిదే యది. లక్షవ్యాసములకుఁ బదసూచిక కట్టినచోఁ "బవడము" అను మాట యే యేఁట నెన్నిమాఱులు వచ్చినదియు క్షణములోఁ దెలియును. రెండవమెట్టు సాహచర్యపరీక్ష. నానార్థపదములకు సంయోగము, విప్రయోగము, సాహచర్యము మున్నగువానిచే నర్థనిర్ణయము చేయవలెనని శాబ్దికులు చెప్పుదురు గదా. యంత్రమును నట్లే యొక మాటతోఁ గూడ నే మాటలు తఱచుగా వచ్చుచున్నవో లెక్కించును. పవడము ప్రక్క "వేఁడిమి", "తెల్లఁబాఱుట" అనునవి వచ్చిన వ్యాసము లొక గుంపు. "నగ", "బేరము" అనునవి వచ్చినవి వేఱొక గుంపు. 2003 లో డేవిడ్ బ్లై, ఆండ్రూ ఇంగ్, మైకేల్ జోర్డన్ అను మువ్వురు ప్రకటించిన గణితపద్ధతి, ముందుగా విషయముల పట్టిక నీయకయే యిట్టి విభాగమును యంత్రముచేఁ జేయించుటకు మార్గము చూపినది.

మూఁడవమెట్టు వాక్యమందలి పూర్వోత్తరపదముల నన్నిటిని గలిపి చూచుట. "ఈ సరస్సున నా మత్స్యము కనఁబడెను" అను వాక్యమునకును, "ఈ సరస్సున నా మత్స్యము కనఁబడలేదు" అను వాక్యమునకును బదసూచికలో భేద మత్యల్పము, అర్థమునఁ బరస్పరవిరోధము. 2018 లో గూగుల్ సంస్థవారు ప్రకటించిన బర్ట్ అను పద్ధతి యిట్టి భేదములను జాలవఱకు గుర్తింపఁగలదు. ఐనను దానికి శిక్షణము వలయును. ముందుగాఁ గొన్ని వ్యాసములను మనుష్యులు చదివి, ఇది గ్రాహ్యము, ఇది త్యాజ్యము అని గుర్తు లుంచవలెను. ఆ గుర్తులను జూచి యంత్రము మిగిలినవానిని నిర్ణయించును. గురువు తప్పుచెప్పినచో శిష్యుఁ డా తప్పునే లక్షమాఱులు వల్లించును.

లక్షవ్యాసముల లెక్క

ఈ పద్ధతి శక్తియు, దాని మేరయు నొక్కచోటఁ దెలియుటకు 2021 లో మాక్స్ కాలహన్ మున్నగువారు నేచర్ క్లైమేట్ చేంజ్ అను పత్రికయందుఁ బ్రకటించిన పరిశోధనము చాలును. శీతోష్ణస్థితి మాఱుటచే ప్రకృతియందును జనజీవనమునందును గలిగిన ఫలితములను జూపు వ్యాసములను వారు బర్ట్ పద్ధతిచే నేఱి, యే ప్రదేశమును గూర్చి యేది వ్రాయఁబడినదియు విభజించిరి. అట్టి వ్యాసములు 1,02,160 ఉండునని వారి యంచనా. ఆ సంఖ్య 64,958 మొదలు 1,64,274 వఱకు నెందైన నుండవచ్చునని కూడ వారు చెప్పిరి. ఇంతటి వెడల్పు సాధారణపాఠకునకు వింతగాఁ దోఁపవచ్చును. కాని యిది యంత్రము తప్పుగా విడిచినవియుఁ దప్పుగాఁ బట్టినవియు నెన్ని యుండునో లెక్కకుఁ దెచ్చి చెప్పిన మాట. ఒక్క సంఖ్యను మాత్రము చెప్పి యూరకుండినవానికంటె నిట్లు హద్దులు చెప్పినవాఁడే నమ్మఁదగినవాఁడు.

పిమ్మట వారు భూతలమును గడులుగా విభజించి, మనుష్యకృత్యములచే నుష్ణమును వర్షమును మాఱిన గడులకు నీ వ్యాసములను జోడించి చూచిరి. భూభాగమున 80 శాతమునందు, జనులలో 85 శాతము నివసించు ప్రదేశమున, మనుష్యకృతమగు మార్పు ఫలితములు కలుగుచుండవచ్చునని తేలెను. దానితోపాటు వేఱొక విషయమును బయలుపడెను. ఇట్టి మార్పునకు గట్టి వ్రాఁతసాక్ష్యము ధనికదేశములలో నుండుట పేదదేశములలోకంటె రెండింత లధికము. పేదదేశముల గడులయందును నుష్ణమాపకములు మార్పును జూపుచునే యున్నవి. ఆ మార్పు చెట్టుచేమలకును జనులకును జేసినదానిని వ్రాసినవారే యరుదు.

ఇచటనే యీ శాస్త్రముయొక్క కీలకము గలదు. యంత్రము చదువునది ప్రకృతిని గాదు. ప్రకృతిని గూర్చి మనుష్యులు వ్రాసినదానిని. చూపున కందినదెల్ల వ్రాఁతకెక్కదు; వ్రాఁత కెక్కినదెల్ల సమముగాఁ జూడఁబడినదియుఁ గాదు. కావున వ్రాఁతల లెక్కనుండి ప్రకృతిని గూర్చి నిర్ణయము చేయుటకు ముందు మూఁడు చిక్కులను విప్పవలసి యున్నది. ఆ మూఁడును వ్రాఁతప్రతులతోఁ బరిచయముగల పండితులకుఁ బరిచితములే.

నామముల చిక్కు

మొదటిది పేళ్లచిక్కు. ఒక జీవి కనేకనామములు, ఒక నామమున కనేకజీవులు ఉండుట కలదు. కడపప్రాంతమునఁ గలివికోడి యని పిలువఁబడు పక్షికి 1848 లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రనామ మిడెను. ఆ పక్షియే కొన్ని గ్రంథములలోఁ గర్సోరియస్ బైటార్క్వేటస్ అనియు, మఱికొన్నిట రైనోప్టైలస్ బైటార్క్వేటస్ అనియుఁ గనఁబడును. ఆంగ్లమున జెర్డన్ కోర్సర్ అని వాడుక. ఈ పర్యాయపదములను గలిపి చదువని యంత్ర మొక్క పక్షిని మూఁడు పక్షులుగాఁ జేయును. ఒక పేరు వాడుకనుండి తప్పినంతనే పక్షియే తగ్గినదని భ్రమించును. ఇఁక నానార్థము: ప్రూనెల్లా యను పేరు పక్షిశాస్త్రమున నొక చిన్నపిట్టకును, వృక్షశాస్త్రమున నొక యోషధికిని గలదు. హైదరాబాదు తెలంగాణమున నొకటి, సింధుదేశమున నొకటి. విశాఖపట్టణము ప్రాఁతయాంగ్లగ్రంథములలో వైజాగపటం. ప్రదేశనామము తప్పినచో సాక్ష్యము వేఱుదేశమునకుఁ బోవును.

ఈ చిక్కునకుఁ దోడు లేఖకప్రమాదమువంటి దొకటి కలదు. ప్రాఁతగ్రంథముల పుటలను ఛాయలుగాఁ దీసి, వానిని యంత్రముచే నక్షరములుగా మార్పించుచున్నారు. 2006 లో నారంభమైన బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ యను గ్రంథసముదాయ మీ విధముగా నాఱుకోట్లకు మించిన పుటలను జగమంతటికి నుచితముగా నందుబాటునకుఁ దెచ్చినది. కాని పదునెనిమిదవశతాబ్దపు టాంగ్లముద్రణమున సకారమునకు నిడుపైన రూప మొకటి యుండెడిది. యంత్రము దానిని ఫకారముగాఁ జదువుట కలదు. తాటియాకులపై నొక యక్షరము వేఱొక యక్షరముగాఁ జదువఁబడి పాఠభేదములు పుట్టినట్లే, ఇచటను లేని పేళ్లు పుట్టును. వానిని దిద్దుటకుఁ బర్యాయనామములతోఁ గూడిన నిఘంటువు వలయును. ఆ నిఘంటువు లేనిచో నెంతవేగముగాఁ జదివినను ఫలము లేదు.

దేశ్యనామముల విలువ యిచటఁ దెలియును. పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు సర్పములను గూర్చి 1796 లోఁ బ్రకటించిన గ్రంథమునఁ దెలుఁగు పేళ్లను జెవికి విన్నట్లే వ్రాసికొనెను. అందలి "బంగారుపాము" అను మాటనుండియే 1803 లో దోదాఁ యను ఫ్రెంచిపండితుఁడు కట్లపాముజాతికి బంగారస్ అను గణనామము కల్పించెను. నేఁడును జగమంతట నదే పేరు. ఆ తెలుఁగుపేరు తెలిసినవానికే రస్సెల్ వ్రాఁతయందలి వికృతవర్ణక్రమము పోల్చుకొన వీలగును.

మాతృకలు, ప్రతులు

రెండవది సంఖ్యలచిక్కు. ఒక గ్రంథమునకుఁ బది ప్రతులు దొరకినను, అవి యన్నియు నొక్క మాతృకనుండి యెత్తి వ్రాసినవైనచో సాక్ష్య మొక్కటే. శాస్త్రవ్యాసములయందును నిట్లే. ఒక సరస్సునఁ జేసిన యొక్క పరిశీలనమును బదుగురు తమతమ వ్యాసములలో నుదాహరింపవచ్చును. యంత్రమున కవి పది సాక్ష్యములు. ప్రతుల శాఖలను నిర్ణయించి మాతృకను బోల్చు పరిష్కర్త పని యిచట నవశ్యకము.

అంతియ కాదు. ఒక విషయమును గూర్చిన వ్యాసములు పెరిగినంతమాత్రమున నా విషయము ప్రకృతిలోఁ బెరిగినదని చెప్పరాదు. 1998 లో సముద్రములు మిక్కిలి వేఁడెక్కి జగద్వ్యాప్తముగాఁ బవడపుదిబ్బలు తెల్లఁబాఱినవి. అటుపిమ్మట వానిని గూర్చిన వ్యాసములు పెరుగుటకు దిబ్బల దుస్స్థితి యొక కారణము. పండితుల దృష్టి యటు మరలుట వేఱొక కారణము. సర్వశాస్త్రములందును వ్యాసములే పెరుగుట మూఁడవ కారణము. ఈ మూఁటిని విడఁదీయవలె నన్న వ్యాసముల సంఖ్యను గాక, ఆ యేఁటి మొత్తము వ్యాసములలో వాని పాలును జూడవలెను. పిమ్మట వ్యాసములలోని కొలతలనే యెత్తి పోల్చవలెను. మార్పు కనఁబడిన పరిశోధన మచ్చునకెక్కుట సులభమనియు, మార్పు కనఁబడనిది పెట్టెలో మిగిలిపోవుట తఱచనియుఁ గూడ నెఱుఁగవలెను.

అనుపలబ్ధి

మూఁడవది మౌనముచిక్కు. ఇది యన్నిటికంటెఁ గష్టతరము. వ్రాఁతలో లేని దానిని లేనిదిగాఁ దలఁపవచ్చునా? భాట్టమీమాంసకులును నద్వైతులును ననుపలబ్ధిని నాఱవప్రమాణముగా నంగీకరించిరి. నేలపైఁ గుండ కనఁబడకపోవుటచేఁ గుండ లేదని తెలియుచున్నది. కాని వారు దానికొక నియమము నుంచిరి. వస్తు వున్నయెడలఁ గనఁబడి తీరుటకు వలయు సామగ్రి యంతయు నుండి, అప్పుడును గనఁబడనిచో మాత్రమే యది యభావమునకుఁ బ్రమాణము. దీనికి యోగ్యానుపలబ్ధి యని పేరు. చీఁకటియింటఁ గుండ కనఁబడకపోవుట కుండ లేదనుటకుఁ జాలదు.

కలివికోడి చరిత్ర మీ న్యాయమునకుఁ దగిన యుదాహరణము. 1900 తరువాత 1986 వఱకు శాస్త్రవాఙ్మయమున దానిని జూచినట్లు వ్రాఁత లేదు. వెదకినవారికి దొరకలేదు, నశించినదని పలువురు తలఁచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్రసంఘమువాఁడగు భరత్ భూషణ్ కడపజిల్లాలో దానిని మరలఁ గనుఁగొనెను. ఆ పక్షి రాత్రులయందు సంచరించునది. పూర్వము వెదకినవారు పగటివేళ వెదకిరి. ఆ ముండ్లపొదల నెఱిఁగిన వేఁటకాండ్ర నోట దాని పేరు నిలిచియే యుండెను. ఎనుబదియాఱేండ్ల మౌన మయోగ్యానుపలబ్ధియే కాని, యభావప్రమాణము కాదు. ఆ పునర్దర్శనము ఫలితముగా శ్రీలంకమల్లేశ్వరాభయారణ్య మేర్పడినది. తెలుఁగుగంగకాలువ దారియు దాని నివాసమును దప్పించుటకై మార్పఁబడినది. మౌనమునే ప్రమాణముగాఁ గొనియుండినచో నా పొదలను రక్షింపవలెనను తలంపే కలిగియుండదు. వ్రాఁతల లెక్కలో నొక సున్న యిట్టి చోటులయందు నిజమైన నష్టమునకుఁ గారణము కాఁగలదు.

భాషాభేదము

ఈ మౌనమున నొకపాలు నిజమైన మౌనము కాదు. యంత్ర మా భాషను జదువకపోవుట. తత్సూయా అమానో మున్నగువారు 2016 లోఁ బ్రకటించిన పరిశీలనమునఁ, బదునాఱుభాషలలో వెదకఁగా జీవవైవిధ్యరక్షణమును గూర్చి 2014 లో వెలువడిన 75,513 వ్రాఁతలలో 35.6 శాత మాంగ్లేతరభాషలలో నున్నట్లు తేలెను. 2021 లో వారే 4,19,679 ఆంగ్లేతరవ్యాసములను బరిశీలించి, రక్షణోపాయములు ఫలించినవో లేదో పరీక్షించిన 1,234 వ్యాసములను గుర్తించిరి. వానిని జేర్చినచో సాక్ష్యముగల భూభాగము 12 మొదలు 25 శాతము వఱకును, జీవజాతులు 5 మొదలు 32 శాతము వఱకును బెరుగునని చూపిరి. ఆంగ్లమునే చదివి జగమును గూర్చి నిర్ణయించువారు చీఁకటియింటిని జూచి శూన్యమనువారితో సమానులు.

శాస్త్రవ్యాసములే గాక కావ్యములును జానపదవాఙ్మయమును నీ విషయమున సాక్షులు కాఁగలవు. ఆశిష్ నేర్లేకర్, దిగ్విజయ్ పాటీల్ అను వారు 2025 లోఁ బ్రకటించిన పరిశోధనమునఁ బదుమూఁడవశతాబ్దము మొదలు గల మహారాష్ట్రవాఙ్మయమును బరిశీలించి, పశ్చిమమహారాష్ట్రమును వర్ణించుచోట్లఁ బేర్కొనఁబడిన 44 వన్యవృక్షజాతులను గుర్తించిరి. వానిలో సుమారు మూఁటరెండుపాళ్లు దట్టపుటడవులవి గాక, చెట్లు విరళముగా నుండు పచ్చికబయళ్లకుఁ జెందినవి. ఆ బయళ్లు అడవులు నఱకుటచే నిటీవల నేర్పడిన పాడునేలలని తలంచువారు కలరు. అట్లు తలంచినచో వానియందుఁ జెట్లు నాటుట పుణ్యకార్యముగాఁ దోఁచును. ఏడువందలయేండ్లకుఁ బైఁబడి యా నేలలు బయళ్లుగనే యున్నవని తెలిసినప్పుడు, అచటఁ జెట్లు నాటుట వ్యవస్థను బాగుచేయుట గాక చెఱచుట యగును. పశువుల మేపుకొను గొల్లల బ్రదుకు నా నిర్ణయముపై నాధారపడియున్నది. ఇట్టి గ్రంథములయందును వర్ణన మేది, కవిసమయ మేది యని వివేచింపకున్న సాక్ష్యము చెడును. ఆ వివేచనము సాహిత్యజ్ఞుని పని.

కావున శాస్త్రవాఙ్మయశోధనమునుండి వచ్చిన నిర్ణయమును విన్నప్పుడు పండితుఁ డడుగవలసిన ప్రశ్నలు స్పష్టములు. పేళ్లు కలుపఁబడినవా? ప్రతులు మాతృకకుఁ జేర్పఁబడినవా? మౌనమున్నచోట వెదకినవారుండిరా, ఏ భాషలలో వెదకిరి? ఈ ప్రశ్నలకుఁ బ్రత్యుత్తర మున్నచో యంత్ర మొక మహోపకారి. లక్షవ్యాసములలోఁ జెదరియున్న సాక్ష్యమును జూపి, ఎచటఁ జూడవలసియున్నదియుఁ జెప్పఁగలదు. లేనిచో నది యధికముగా వ్రాయఁబడిన దేశములకు సాక్ష్యమును, వ్రాయఁబడని దేశములకు సున్నను బంచిపెట్టు సాధనమగును. రక్షణమునకై వెచ్చించు ధనమును నా సున్నల వెంబడి తగ్గును.

తెలుఁగునాఁట మొక్కలకు, చేఁపలకు, పిట్టలకు నూరూర వేర్వేఱు పేళ్లున్నవి. వైద్యగ్రంథములయందును, నిఘంటువులయందును, స్థలచరిత్రములయందును నవి చెదరియున్నవి. ఆ పేరును, అది వినఁబడిన యూరిని, వ్రాసిన యేఁటిని, సరిపోలు శాస్త్రనామమును నొక్కవరుసను గూర్చి ప్రకటించినచో, మున్ముందు చదువు నే యంత్రమునకైనను నది పర్యాయనిఘంటువు కాఁగలదు. అట్టి పట్టికను గూర్పఁగలవారు పాఠశాలలయందును బరిశోధనసంఘములయందును నున్నారు. అది పూర్తియైనదాఁక నీ నాఁటి చెఱువులును బయళ్లును నా లెక్కలలోఁ జాలవఱకుఁ జీఁకటియిండ్లుగనే యుండును.